విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ సరిపోతుందా? నా మటుకు చాలు

కొత్త ల్యాప్‌టాప్‌కి బిల్లు వేసేటప్పుడు షాపు కుర్రాడు తప్పకుండా అడిగే మాట ఒకటుంది, "యాంటీవైరస్ కూడా వేసేయమంటారా సార్, మూడేళ్లకి తీసుకుంటే తగ్గుతుంది" అని. మా చుట్టాల్లో సగంమంది సరేనని డబ్బు కట్టేసి, ఇంటికొచ్చాక నాకు ఫోన్ చేసి ఏది మంచిదని అడుగుతారు. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కి విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్ చాలు, ఇంకోటి కొనక్కర్లేదు. కాకపోతే దాన్ని వచ్చింది వచ్చినట్టు వదిలేస్తే చేయగలిగినంతా చేయదు.

దానికి చెడ్డపేరు ఉన్నమాట నిజమే, అది ఊరికే రాలేదు కూడా. 2004 చివర్లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే కంపెనీని కొని వాళ్ల యాంటీ స్పైవేర్‌నే (మనకి తెలియకుండా మన సమాచారం లాగేసే ప్రోగ్రామ్‌లని పట్టేది) డిఫెండర్‌గా మార్చింది. విస్టా, విండోస్ 7 రోజుల్లో అది స్పైవేర్ వరకే చూసుకునేది, వైరస్‌లకి సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని వేరేది దించుకోవాల్సి వచ్చేది. ఆ ఎసెన్షియల్స్‌కి 2012లో యాంటీవైరస్‌లని పరీక్షించే జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. విండోస్ 8తో డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది, 2019 నుంచి అదే ల్యాబ్‌లో చాలాసార్లు 18కి 18 మార్కులు తెచ్చుకుంది. అయినా డిఫెండర్ దండగ అనేవాళ్లు ఇంకా ఎసెన్షియల్స్ కాలంలోనే ఉన్నారు.

నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చేది, నోరు మూసుకుని పని చేసుకోవడం. రెన్యువల్ గొడవ లేదు, ఎర్ర అక్షరాలతో "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని అరిచి టెన్షన్ పెట్టే బాక్సులు లేవు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరిపోయి అలాగే పడుంటే మాత్రం ముందు దాన్ని తీసేయండి. ఇంకో యాంటీవైరస్ కనిపిస్తే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, దాన్ని తీసేశాక మళ్లీ తనే వచ్చి కూర్చుంటుంది.

మన దగ్గర వైరస్ అంటే ముందు గుర్తొచ్చేది పెన్‌డ్రైవ్. జిరాక్స్ షాపుకెళ్లి ఒక్క పేజీ ప్రింట్ తీయించుకొస్తే చాలు, ఇంటికొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి ఉంటాయి. డిఫెండర్ వైరస్ ఫైల్‌ని పట్టుకుని తీసేస్తుంది గానీ, అది దాచేసిన మీ ఫైళ్లని తిరిగి బయటికి తేదు. డ్రైవ్ ఖాళీగా కనిపించేసరికి యాంటీవైరస్సే అన్నీ మింగేసిందని జనం దాన్ని తిడతారు, కొందరు కంగారులో ఫార్మాట్ కూడా కొట్టేస్తారు. ఫైళ్లు అక్కడే ఉంటాయండీ, కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరలో) అట్రిబ్ అనే కమాండ్‌తో బయటికొస్తాయి. ఆ పని కూడా ఇదే చేసిపెడితే ఏం పోయింది?

నా అసలు ఫిర్యాదు వేరే. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ నుంచి కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సౌకర్యం 2017 నుంచీ ఇందులో ఉంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది, మనమే వెతుక్కుని ఆన్ చేసుకోవాలి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో అట్టడుగుకి వెళ్తే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అని కనిపిస్తుంది, అక్కడుంది. ఆన్ చేశాక కొంత చిరాకు తప్పదు. తనకి తెలియని సాఫ్ట్‌వేర్ ఏదైనా డాక్యుమెంట్స్‌లో ఫైల్ సేవ్ చేయబోతే అడ్డుకుంటుంది, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. ఆ ప్రోగ్రామ్‌ని ఒకసారి అనుమతుల లిస్టులో చేరిస్తే ఆ గొడవ తీరిపోతుంది. యాంటీవైరస్‌కి పెట్టే డబ్బుతో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని ఫొటోలు కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టుకోండి. ప్లగ్ చేసి ఉంచితే వైరస్ దాన్ని కూడా వదలదు.

హార్డ్ డిస్క్‌తో నడిచే పాత మెషీన్‌లో డిఫెండర్ బరువే, స్కాన్ మొదలైతే టాస్క్ మేనేజర్‌లో యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ (డిఫెండర్ పేరు అక్కడ అలా ఉంటుంది) అన్నిటికంటే పైకొచ్చి కూర్చుంటుంది. దానికి మందు హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడం.

ఇక క్రాక్‌లు, అంటే డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకునే దొంగదారులు. ఫోటోషాప్ క్రాక్‌తోపాటు వచ్చే నోట్‌ప్యాడ్ ఫైల్లో మొదటి లైనే "ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఉంటుంది. మనమే ఆపేశాక ఎంత ఖరీదైన యాంటీవైరస్ అయినా ఏం చేస్తుంది చెప్పండి.

విండోస్ అప్‌డేట్‌లు కూడా అంతే ముఖ్యం. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విండోస్‌లోని ఒక కంతలోంచి దూరి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లని కూడా దెబ్బతీసింది గుర్తుందా? ఆ కంతని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం ఇంకా అందుతూనే ఉంటుంది గానీ, పొడిగింపు అప్‌డేట్‌లకి నమోదు చేసుకోకపోతే విండోస్‌లో కొత్తగా బయటపడే కంతలు అలాగే ఉండిపోతాయి.

ఇది ఎవరికి సరిపోదంటే, నెట్ కనెక్షన్ లేని చోట. దీని బలంలో చాలా భాగం క్లౌడ్ నుంచే, అంటే నెట్‌లో ఉండే మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచే వస్తుంది, నెట్ లేకపోతే పట్టు తగ్గుతుంది. రోజంతా ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చే జిరాక్స్ షాపు మెషీన్‌కి నెట్ కూడా లేకపోతే, ఆ షాపాయన డబ్బు పెట్టి మంచి యాంటీవైరస్ కొనుక్కోవడమే నయం. ఖర్చు వద్దనుకుంటే హైదరాబాద్‌లోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్లు తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లు వాడటానికి అనుమతి ఎవరికివ్వాలో దాంతో మన చేతిలో పెట్టుకోవచ్చు.