తేదీలు లేని నోటుబుక్కు: లాయిష్‌టుర్మ్ 1917, ఏ5 చుక్కల పేజీలు

రాయడం మానేసి నెలలో ఏళ్లో గడిచినవాళ్లు మళ్లీ మొదలుపెట్టాలనుకోగానే ముందుగా కొనేది డైరీ. అక్కడే దెబ్బ తింటారు. డైరీలో ప్రతి పేజీకీ తేదీ అచ్చేసి ఉంటుంది. జ్వరం వచ్చి నాలుగు రోజులు రాయకపోతే నాలుగు తెల్ల పేజీలు మొహం మీదే కనిపిస్తాయి. ఐదో రోజు పుస్తకం తెరవబుద్ధి కాదు. లాయిష్‌టుర్మ్ 1917 అనే ఈ జర్మనీ కంపెనీ నోటుబుక్కులో తేదీ లేదు, పేజీ నంబరు ఉంది. పది రోజులు మానేసినా 37 తర్వాత వచ్చేది 38వ పేజీయే. దీన్ని మెచ్చుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

కొలత 145 × 210 మిల్లీమీటర్లు, కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు), నంబర్లు వేసిన పేజీలు 251. గట్టి అట్ట, కుట్టు బైండింగ్, రెండు రిబ్బన్లు, వెనక అట్టకు చిన్న జేబు. రోజుకు అర పేజీ రాస్తే 500 పూటలు వస్తుంది.

కొత్త పుస్తకం బల్ల మీద సరిగ్గా పరుచుకోదు. మధ్యకు తెరిచి విరిచేయకండి, వెన్ను జిగురు పగులుతుంది. వెన్ను ఆనించి నిలబెట్టి ముందునుంచి పది కాగితాలు, వెనకనుంచి పది కాగితాలు వాల్చి, కుట్టు పక్కన వేలితో మెల్లగా ఒత్తుతూ మధ్యదాకా రండి. అయిదు నిమిషాల పని.

తెలుగు రాసేవాళ్లకు అసలు చిక్కు చుక్కల దగ్గర ఉంది. చుక్కకూ చుక్కకూ 5 మిల్లీమీటర్ల దూరం. ఇంగ్లీషుకు అది సరిపోవచ్చు, మనకు పైన గుడి, కింద వత్తు పట్టాలి. ‘స్త్రీ’ అని రాస్తే కిందికి దిగిన తావత్తు, రావత్తు కింది వరసలోని తలకట్టును గుద్దుకుంటాయి. మూడు చుక్కల వరసల ఎత్తులో, అంటే 15 మిల్లీమీటర్లలో, రెండే వరసలు రాయండి, ఒక్కోదానికి 7.5 మిల్లీమీటర్లు దొరుకుతుంది. అప్పుడు పేజీకి 26 వరసల దాకా పడతాయి, చదవడానికీ హాయిగా ఉంటుంది.

ఏ రోజు ఏ పని చేశామో గుర్తు పెట్టుకునే లక్ష్యాల పట్టిక గీసేటప్పుడు చాలామంది తేదీలు అడ్డంగా వేసి పేజీ పాడుచేసుకుంటారు. 145 మిల్లీమీటర్లలో 29 గళ్లకు మించి పట్టవు, నెలాఖరు తేదీలు అంచు దాటిపోతాయి. తేదీలు నిలువుగా వేయండి: 31 గళ్లకు 155 మిల్లీమీటర్లు, పైన శీర్షికకు చోటు మిగులుతుంది. పక్కన లక్ష్యానికొకటి చొప్పున మూడు నిలువు గడులు చాలు, ఎనిమిది లక్ష్యాలు పెట్టుకున్న పట్టిక రెండో వారానికే ఖాళీగా ఉండిపోతుంది. శీర్షికగా ‘రోజూ రాయాలి’ అని పెట్టకండి. ‘రాత్రి గిన్నెలు కడిగాక, వంటింటి దీపం ఆర్పకముందు, 5 వరసలు’ అని రాయండి. ఏ పని తర్వాత, ఎక్కడ అన్నది ముందే ఖాయం చేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లోనే వివరించారు. ఒక రిబ్బను ఈ పట్టిక దగ్గర, రెండోది ఇవాళ్టి పేజీలో ఉంచండి. వెతుక్కోవాల్సి వస్తే ఆ పూట రాత పోయినట్టే.

మానేసిన రోజు గడిలో చిన్న గీత పెట్టి ముందుకెళ్లండి, బాకీ వరసలు కలిపి రాయొద్దు. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. 21 రోజుల్లో అలవాటైపోతుందనే లెక్క నమ్ముకుని 22వ రోజు నిరాశపడేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

లోపాలూ ఉన్నాయి. 80 జీఎస్ఎం కాగితం మీద ఇంకు పెన్నుతో రాస్తే వెనక పేజీలో అక్షరాల నీడ తెలుస్తుంది, మార్కరైతే అవతలికి దిగిపోతుంది. లావు జెల్ పెన్నుతో రాసి వెంటనే చెయ్యి ఆనిస్తే దీర్ఘం తోకలా సాగి అలుక్కుంటుంది. 0.38 మిల్లీమీటర్ల సన్న మొన జెల్ పెన్ను లేదా మామూలు బాల్ పెన్ను క్షేమం. ఇంకు పెన్ను వదలలేనివాళ్లు ఇదే కంపెనీ 120 జీఎస్ఎం రకం తీసుకోవాలి, దాంట్లో పేజీలు 203 మాత్రమే.

మొదటి పేజీ పాడవుతుందని భయముంటే 5వ పేజీ నుంచి మొదలుపెట్టండి. ముందున్న విషయసూచికలో నెలకొక వరస చొప్పున ‘పట్టిక, 40’ అని నంబరు వేసుకుంటే పాత లక్ష్యం పది సెకన్లలో దొరుకుతుంది. పుస్తకం నిండాక అట్టకూ వెన్నుకూ అంటించే స్టిక్కర్లు దాంతోనే వస్తాయి, వెనక జేబులో పడేసి ఉంచండి.