ఈ-పీక్ పాహణీ యాప్: సిరోంచ చెలకలో వాడి చూశాక

మహారాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 15న రాష్ట్రమంతటా ప్రవేశపెట్టిన, రైతు తన పంటను తానే నమోదు చేసుకునే ఈ-పీక్ పాహణీ యాప్‌ను గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలోని మా పత్తి చెలకలో రెండు ఖరీఫ్‌లుగా వాడుతున్నాను. పూర్వం తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) రాసుకున్నదే పంట. ఇప్పుడు రైతే గట్ నంబరు (సర్వే నంబరు వంటిది) ఎంచుకుని, విస్తీర్ణం, విత్తిన తేదీ నింపి, చేలో నిలబడి ఫొటో తీసి పంపితే ఆ వివరం సాత్‌బారాకు, అంటే 7/12 భూమి రికార్డుకు, ఎక్కుతుంది. ఫొటోతో పాటు జీపీఎస్ కూడా నమోదవుతుంది కనుక ఇంటి అరుగు మీద కూర్చుని పని కానిచ్చే వీలు లేదు; ఆ కట్టుదిట్టం నాకు నచ్చింది.

చిక్కల్లా భాషతోనే. మా పెద్దనాన్న తెరపై ‘చాలూ పడ్’ అన్న మాట చూసి, మన చేలో చాలు పడింది కదా అని దాన్నే నొక్కారు. మరాఠీలో దానికి అర్థం ఈ ఏడు సాగు చేయక వదిలేసిన బీడు అని! మోకాలెత్తు పత్తి కాస్తా రికార్డులో బీడైపోయింది. నమోదును 48 గంటలలోగా సరిదిద్దుకునే వెసులుబాటు ఉండబట్టి మరునాడు ‘కాపూస్’ (పత్తి) అని మార్చగలిగాము. తలాఠీ తనిఖీ చేసేది 10 శాతం నమోదులనే కనుక, మేము చూసుకోకపోతే ఆ తప్పు అలాగే ఉండిపోయేదేమో.

ఇటువంటివి ఏ మంత్రికి చెప్పుకోవాలన్నది మరో ప్రశ్న. యాప్ రెవెన్యూ శాఖది. ఈ నమోదు అవసరమయ్యే పంట బీమా వ్యవసాయ మంత్రి పరిధిలోది. 2023లో బీమా ప్రీమియంలో రైతు వాటాను 1 రూపాయికి తగ్గించిన ప్రభుత్వమే 2025 ఖరీఫ్‌లో వరికి 2 శాతం, పత్తికి 5 శాతం వాటాను తిరిగి తెచ్చింది. చేను తొక్కే అడవిపందుల సంగతి అటవీ మంత్రి చూడాలి. పర్యావరణ శాఖకు ఇంకొకరున్నారు. వన్యప్రాణుల వల్ల కలిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్ర వ్యవసాయ శాఖ 2025 నవంబరులో ప్రకటించడం మంచి నిర్ణయమే కానీ, ఆ నష్టాన్ని 72 గంటలలోగా ఫొటోలతో తెలపవలసింది ఇందులో కాదు, పంట బీమా యాప్‌లో.

5కు 3 నక్షత్రాలు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది తెలుగు లేనందుకు, మరొకటి పంది తొక్కిన చేనుకు వేరే యాప్ వెతుక్కోవలసి వస్తున్నందుకు.