కొత్తపట్నం నుంచి మైపాడుకి ట్రైలర్ మీద బోటు: బెల్టులు, బస, దారి సంగతులు

పాత ఫైబర్ బోటు కొనాలనుకునేవాళ్ళకి వేట నిషేధం రోజులే సరైన టైము. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్లు సముద్రంలోకి పోకూడదు కాబట్టి అన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. పక్కకి వంచి అడుగు చూడొచ్చు, పగుళ్ళు వెతకొచ్చు, అమ్మేవాళ్ళకి కూడా కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. మా బావకి మైపాడు వైపు రొయ్యల చెరువులున్నాయి, పక్కనే బకింగ్‌హామ్ కాలవ. చెరువు పనికీ, కాలవలో తిరగడానికీ చిన్న బోటు కావాలని చాన్నాళ్ళ నుంచి అంటున్నాడు. కొత్తపట్నంలో పద్నాలుగు అడుగుల బోటు, దాంతో పాటే రెండు చక్రాల ట్రైలర్ కూడా అమ్మకానికి ఉన్నాయని తెలిసి బొలెరోలో వెళ్ళాం. బేరం సంగతి ఇక్కడ రాయను. బోటుని ట్రైలర్ మీద కట్టి నూట యాభై కిలోమీటర్లకు పైగా ఎలా తెచ్చామో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే వెళ్ళేముందు ఎవరిని అడిగినా "గట్టిగా మోకేసి కట్టండి, ఏం కాదు" అన్నారే తప్ప ఏ బెల్టు, ఎన్ని బెల్టులు, ఎక్కడెక్కడ కట్టాలి అని చెప్పినవాళ్ళు లేరు.

ముందు బస విషయం. రాత్రికి కొత్తపట్నంలోనే ఉండిపోదామని బావ అన్నాడు. బీచ్ బాగుంటుంది, సాయంత్రం ఒంగోలు జనం కుటుంబాలతో వస్తారు, గాలి హాయిగా ఉంటుంది. కానీ బెల్టులు కావాలన్నా, వెల్డింగు కావాలన్నా, టైర్లలో గాలి చూపించాలన్నా ఒంగోలు రావాల్సిందే, అందుకని ఖాళీ ట్రైలర్ తగిలించుకుని వచ్చి ఒంగోల్లోనే దిగాం. బస్టాండు దగ్గర మొదట చూసిన లాడ్జి గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ పార్కింగు అంతా సెల్లార్లో, మలుపు ఇరుకు, ట్రైలర్ దిగదు. "రోడ్డు పక్కన పెట్టుకోండి సార్, ఎవరూ ముట్టుకోరు" అని వాచ్‌మన్ భరోసా ఇచ్చాడు. ఖాళీ ట్రైలర్ అయితే పెట్టేవాళ్ళమేమో, మర్నాడు బోటు ఎక్కించాక మళ్ళీ ఒక రాత్రి ఉండాల్సి వస్తే రోడ్డు మీద వదలడం నాకు ఇష్టం లేదు. బైపాస్ వైపు ఇంకో లాడ్జిలో చుట్టూ ప్రహరీ, లోపల లారీ కూడా తిరిగేంత ఖాళీ స్థలం. గది మామూలు గది, అద్దె కొంచెం ఎక్కువ, కానీ వరండాలో నిలబడితే ట్రైలర్ కనిపిస్తుంది. ట్రైలర్‌తో ప్రయాణం చేసేవాళ్ళు ఏసీ, టీవీ తర్వాత చూడండి, ముందు ఆవరణ చూడండి, గేటు వెడల్పు చూడండి.

ట్రైలర్‌తో పాటు వచ్చిన కట్టుతాళ్ళు చూస్తే రెండు ప్లాస్టిక్ తాళ్ళు, ఒక పాత రాట్చెట్ బెల్టు, అంటే పిడి ఆడిస్తే పళ్ళ చక్రం తిరిగి బిగుసుకునేది. రాట్చెట్ పళ్ళు తుప్పు పట్టి సగం దాకా తిరిగి ఆగిపోతోంది, బెల్టు అంచులు పీచు లేచాయి. ఏళ్ళ తరబడి ఉప్పుగాలిలో ఉన్న సరుకు అలాగే అవుతుంది, అమ్మినాయన తప్పేం లేదు. అన్నీ పక్కన పడేసి కొత్తవి కొందామని బజారుకి వెళ్ళాం.

మొదటిది తాళ్ళ కొట్టు. పచ్చ రంగు, నీలం రంగు ప్లాస్టిక్ తాళ్ళు, అంటే పాలీప్రొపిలీన్, చవక, నీళ్ళ మీద తేలుతుంది. బోటుని ఒడ్డున కట్టేయడానికి పనికొస్తుంది గానీ ఎండకి పెళుసెక్కుతుంది, రోహిణి కార్తె ఎండల్లో రోజూ బయట పడున్న తాడు ఒక వేసవి దాటాక చేత్తో నలిపితే పొట్టు రాలుతుంది. ఇక నైలాన్ తాడు. బలం విషయంలో దానికి వంక పెట్టను, కానీ నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, కొంత బలం కూడా తగ్గుతుంది. లంగరు తాడుకి ఆ సాగుడే మేలు, అలల కుదుపుని అదే తీసుకుంటుంది. ట్రైలర్ మీద మాత్రం సాగే గుణం ఉండకూడదు, గతుకు పడినప్పుడల్లా బోటు కొంచెం లేచి మళ్ళీ కూర్చుంటుంది, అలా లేచి కూర్చుంటూనే పక్కకి జరుగుతుంది. అందుకే పాలిస్టర్ బెల్టే కావాలి, చాలా తక్కువ సాగుతుంది, తడిసినా బలం పోదు, ఎండకి కూడా మిగతావాటికంటే బాగా ఆగుతుంది. కుట్టిన లేబుల్ రంగు చూసి కూడా గుర్తు పట్టొచ్చు. యూరప్ ప్రమాణం ప్రకారం చేసినవాటికి నీలం లేబుల్ ఉంటే పాలిస్టర్, ఆకుపచ్చ నైలాన్, గోధుమ రంగు పాలీప్రొపిలీన్. లేబులే లేని బెల్టు ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను. బెల్టు రంగు చూసి మాత్రం ఏదీ తేల్చుకోవద్దు, అది కంపెనీ ఇష్టం.

రెండోది లారీ సామాన్ల కొట్టు. అక్కడ రెండంగుళాల వెడల్పు బెల్టులు వరసగా వేలాడుతున్నాయి, 50 మిల్లీమీటర్లవి. "అయిదు టన్నుల బెల్టు సార్, ఏనుగుని కట్టినా తెగదు" అన్నాడు కొట్టాయన. ఆ అయిదు టన్నులు తెగే బరువు, మనం రోజూ వాడుకోదగ్గ బరువు కాదు. వాడుకోదగ్గ బరువు, లేబుల్ మీద డబ్ల్యూఎల్‌ఎల్ అనో ఎల్‌సీ అనో ఉండేది, లెక్క కట్టే పద్ధతిని బట్టి తెగే బరువులో సగమో మూడో వంతో ఉంటుంది. కొన్నిటి మీద కిలోలకి బదులు డాన్ (daN) అని రాసి ఉంటుంది, ఒక డాన్ దాదాపు ఒక కిలో బరువుతో సమానం అనుకోవచ్చు. అయినా మనకి అంత పెద్ద బెల్టు ఎందుకు? బోటు, ఇంజను, పెట్రోలు ట్యాంకు అన్నీ కలిపి మూడొందల కిలోల లోపే. రోడ్డు మీద సరుకు కట్టే లెక్క ఏమిటంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువులో పది వంతులకి ఎనిమిది వంతుల బలంతో ముందుకి తోస్తుంది, పక్కకీ వెనక్కీ సగం బలంతో. మా బోటుకి ముందుకి రెండొందల నలభై కిలోలు, పక్కకి నూట యాభై. అయిదొందల కిలోల వాడుక బలం ఉన్న అంగుళం బెల్టులు, అంటే 25 మిల్లీమీటర్లవి, నాలుగు సరైన చోట కడితే ఎక్కువే. పెద్ద రాట్చెట్‌తో వచ్చే చిక్కు ఇంకోటుంది. దాని పిడి పొడుగు కాబట్టి తెలియకుండానే వందల కిలోల బిగువు వచ్చేస్తుంది, పల్చటి ఫైబర్ అంచు మీద అంత బిగిస్తే పైపూత చిట్లుతుంది, లోపల పొర విడిపోయినా బయటికి కనపడదు. తెలిసేది నీళ్ళలో దించాకే.

మూడో కొట్టు హార్డ్‌వేర్‌ది, అక్కడ దొరికాయి మాకు కావాల్సినవి. నీలం లేబుల్, అంగుళం వెడల్పు, చిన్న రాట్చెట్. మేము ఎక్కువ సేపు చూసింది బెల్టుని కాదు, కొక్కేలని. బెల్టుకి ఎంత బలమున్నా కొక్కెం వంగితే అయిపోయింది. మామూలు ఎస్ ఆకారం కొక్కెం బిగువు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, స్పీడ్‌బ్రేకర్ మీద ట్రైలర్ ఎగిరినప్పుడు ఒక్క క్షణం వదులైతే ఊడి రోడ్డున పడుతుంది. నోటికి అడ్డంగా స్ప్రింగు నాలుక ఉన్న కొక్కేలే తీసుకోండి. ఇక లోహం. మామూలు ఇనుముకి జింకు పూత ఉన్నవి తోట సామానుకైతే చాలు, మైపాడు గాలికి అవి ఆగవు. స్టెయిన్‌లెస్ స్టీలు రాట్చెట్ అయితే మామూలు దానికంటే రెట్టింపు పైన చెప్పాడు. బావ వెనక్కి తగ్గాడు, నేను తగ్గనివ్వలేదు. చివరికి వెనక భాగానికి రెండూ స్టీలువి, ఎందుకంటే ట్రైలర్ నీళ్ళలో దిగినప్పుడు తడిసేవి అవే, పై నుంచి అడ్డంగా వేసేవి మామూలువి తీసుకున్నాం. రాట్చెట్ లేకుండా చేత్తో లాగితే పళ్ళు పట్టుకునే క్యామ్ బకిల్ బెల్టులు కూడా ఉన్నాయి. తెడ్డు పడవలకి, తేలికైన వాటికి అవే మంచివి, అతిగా బిగిసే భయం ఉండదు. మా బరువుకి చాలవు.

వెల్డింగు షాపులో ట్రైలర్ ఫ్రేముకి డీ రింగులు, అంటే బెల్టు కొక్కెం తగిలించే D ఆకారం రింగులు వేయించాం, వెనక రెండు, మధ్యలో రెండు. పనివాడు కుర్రాడే, కానీ పెయింటు గీకి శుభ్రం చేశాకే అతికించాడు, పైన మళ్ళీ రంగు వేసి ఇచ్చాడు. ఒంగోల్లో నాకు బాగా నచ్చిన సేవ ఏదంటే ఇదే. చక్రాల బేరింగులకి గ్రీజు కూడా అక్కడే పెట్టించాం.

మర్నాడు తెల్లవారుజామునే కొత్తపట్నం వెళ్ళి బోటు ఎక్కించాం. ముక్కు ట్రైలర్ ముందున్న రబ్బరు దిమ్మకి ఆనేదాకా వించితో, అంటే పిడి తిప్పితే బెల్టు చుట్టుకునే చక్రంతో లాగాలి. చాలామంది ఆ వించి బెల్టే చాలనుకుంటారు, అది బోటుని పైకి లాగడానికి, దారంతా పట్టి ఉంచడానికి కాదు. దాని పళ్ళు జారినా బోటు కదలకుండా ముక్కు కింద ఉన్న రింగు నుంచి ఫ్రేముకి విడిగా ఒక గొలుసు వేశాం. వెనక పలకకి రెండు వైపులా ఉన్న రింగుల నుంచి డీ రింగులకి పొట్టి బెల్టులు రెండు. నాలుగింటిలో వీటికే నేను ఎక్కువ విలువ ఇస్తాను, వెనక భాగం ఎగరకుండా నేరుగా పట్టుకునేవి ఇవే. తర్వాత బోటు మీదుగా అడ్డంగా రెండు. ఈ అడ్డ బెల్టులు బోటుని కిందకి నొక్కుతాయి అంతే, ముందుకి జరగడాన్ని ఆపే పని వాటిది కాదు, అందుకే అవి మాత్రమే కట్టి వదిలేయడం ప్రమాదం. అంచు మీద బెల్టు ఒరుసుకునే చోట పాత ట్యూబు ముక్కలు మడిచి పెట్టాం. పొడుగు ఎక్కువైందని బెల్టుకి ముడి వేయకూడదు, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. మిగిలిన కొసని చుట్టి కట్టేయాలి, వేలాడితే చక్రంలోకి పోతుంది.

కొత్తపట్నం నుంచి ఒంగోలు దాకా ఊళ్ళు, స్పీడ్‌బ్రేకర్లు, నెమ్మదిగానే వచ్చాం. ఒంగోలు దగ్గర ఆగి చూస్తే అడ్డ బెల్టులు రెండూ వేలు దూరేంత వదులయ్యాయి. బెల్టు సాగి కాదు, బోటు కింద ఉన్న ట్రైలర్ పట్టీల మీద సర్దుకుని కూర్చుంది. మొదటి పది, పదిహేను కిలోమీటర్ల తర్వాత తప్పనిసరిగా ఆగి బిగించాలి, ఎంత ఆలస్యమవుతున్నా సరే.

జాతీయ రహదారి 16 ఎక్కాక దారికి వంక లేదు, కానీ వేగం పెరిగేసరికి బెల్టుల నుంచి ఒకటే మోత, బండిలో మాట వినపడనంతగా. టంగుటూరులో టీకి ఆగాం. పొగాకు వేలం జరిగే ఊరు, బేళ్ళు ఎత్తి కట్టే హమాలీలు అక్కడ ఉంటారు. లారీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మా బోటు చుట్టూ తిరిగి చూసి, "అబ్బాయ్, బెల్టు చదునుగా ఉంటే గాలికి కొట్టుకుంటది. ఒక మెలిక తిప్పి కట్టు, మోత పోద్ది, అరగదు కూడా" అన్నాడు. బావ అక్కడికక్కడే విప్పి మెలిక పెట్టి కట్టాడు. మోత నిజంగానే ఆగిపోయింది. ఎగిరెగిరి కొట్టుకునే బెల్టు అంచు దగ్గర నలుగుతుంది, అందుకని ఇది చెవుల కోసం మాత్రమే చేసే పని అనుకోకండి. మెలిక బోటు అంచు మీదికి రాకుండా గాలిలో ఉండే భాగంలో పెట్టాలి.

సింగరాయకొండలో ఆగలేదు. పాకల బీచ్ అక్కడికి దగ్గరే, కుటుంబంతో అయితే బాగుంటుంది, ట్రైలర్‌తో ఇసుకలోకి దిగడం మాత్రం వద్దు. భోజనానికి కావలి. రహదారి మీదే పెద్ద ఆవరణ ఉన్న హోటలు, బండీ ట్రైలరూ విడదీయకుండా నీడలో పెట్టుకోగలిగాం, భోజనం వేడిగా ఉంది, పప్పుచారు రెండోసారి అడిగి వేయించుకున్నాం. పక్కనే లాడ్జి కూడా చూశాను, ఒంగోల్లో ఉన్నదానికంటే గదులు చిన్నవి కానీ ట్రైలర్‌కి స్థలం ఉంది, దూరం నుంచి వచ్చేవాళ్ళు మధ్యలో రాత్రి ఆగాలంటే నేను కావలే చెబుతాను. నెల్లూరు ఊళ్ళో లాడ్జీలు మంచివి, తిండి ఇంకా మంచిది, అయితే ట్రైలర్ వెనకేసుకుని మధ్యాహ్నం మైపాడు గేటు దాటడం పెద్ద టెన్షన్. పెందలాడే దాటండి, లేదా పొద్దుగూకాక. చేపల పులుసు పార్శిల్ కట్టించుకుని ముందుకి పోవడమే మేలు.

మైపాడులో బీచ్ నుంచి దింపే ఆలోచన పెట్టుకోవద్దు, అలలు ఒడ్డునే విరుగుతాయి, చిన్న బోటు తిరగబడుతుంది. మేము కాలవ గట్టున గట్టి నేల ఉన్న చోట దించాం. ముందు అడ్డ బెల్టులు, తర్వాత వెనకవి విప్పాలి. ముక్కు గొలుసు మాత్రం బోటు నీళ్ళలో తేలేదాకా తీయకూడదు, వాలులో ముందే తీస్తే బోటు తనంతట తనే జారుతుంది.

దించాక బెల్టుల్ని బోరు నీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టాం. ఉప్పు ఆరితే గింజలు పోగుల మధ్య చేరి లోపల్నుంచే కోస్తాయి. నూనె చుక్క రాట్చెట్ ఇరుసుకి మాత్రమే, బెల్టుకి తగిలితే ఇసుక పట్టుకుంటుంది. ట్రైలర్‌తో వచ్చిన ఆ పాత బెల్టుని బావ దాచుకుందామన్నాడు, నేను అక్కడే కత్తితో ముక్కలు చేసేశాను. ఉంచితే చెరువు దగ్గర ఎవరో ఒకరు తొందరలో మళ్ళీ దాంతోనే కడతారు.