గేటు బయట వెయిటింగ్‌కు లారీ పార్కింగ్ ఏసీ: ఎన్ని గంటలు నడుస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది

లాంగ్ రూట్‌లో రోడ్డు మీద పోయే టైముకు ఓ లెక్క ఉంటుంది. లోడింగ్, అన్‌లోడింగ్ కోసం గోదాము గేటు దగ్గర పోయే టైముకు ఉండదు. గంటలో పిలుస్తామన్నవాళ్లు ఐదు గంటలకు పిలుస్తారు. డాక్ (సరుకు ఎక్కించి దించే చోటు) ఖాళీ లేదంటారు, బిల్లులో తేడా ఉందంటారు, షిఫ్టు మారుతోందంటారు. అంతసేపూ డ్రైవర్ కూర్చునేది ఎండకు కాగుతున్న క్యాబిన్‌లోనే. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుందామంటే గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ ఊరికే పోతుంది. పైగా చాలా గోదాముల్లో లోపలికి వెళ్లగానే ఇంజన్ ఆపించి, తాళం కూడా తీసుకుంటారు. కాలిఫోర్నియాలోనైతే భారీ డీజిల్ బండ్లు నిలబడి 5 నిమిషాలకు మించి ఇంజన్ తిప్పకూడదని చట్టమే ఉంది. ఇండియాలో 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి అయింది. మంచిదే. కానీ కంపెనీ ఏసీ కంప్రెసర్ ఇంజన్ బెల్టు మీద తిరుగుతుంది, ఇంజన్ ఆపితే అదీ ఆగిపోతుంది.

ఆ సమయం కోసమే బ్యాటరీ మీద నడిచే 24 వోల్టుల పార్కింగ్ ఏసీలు వచ్చాయి. బ్రాండు ఏదైనా లోపలి సరంజామా దాదాపు ఒకటే: డీసీ ఇన్వర్టర్ కంప్రెసర్, రెండు ఫ్యాన్లు, ఒక బోర్డు. కాబట్టి ఈ సమీక్ష మొత్తం ఆ తరగతి గురించే. రెండు మూడు గంటల వెయిటింగ్‌కు ఇది డబ్బు పెట్టదగ్గ వస్తువు. బండితో వచ్చిన బ్యాటరీల మీదే తెల్లవార్లూ నడపాలనుకుంటే మాత్రం పొద్దున్నే సెల్ఫ్ కొట్టదు. తేడా అంతా బ్యాటరీలోనూ, కేబుల్‌లోనూ, డైనమోలోనూ ఉంది. కొనేవాళ్లు ఎక్కువగా చూసేది మాత్రం పైనున్న డబ్బా సైజునే.

కొనేటప్పుడు స్టిక్కర్ మీద రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: లాగే యాంప్స్, ఇచ్చే బీటీయూలు (గంటకు ఎంత వేడి తోస్తుందో చెప్పే కొలత). 24 వోల్టుల మీద 30 యాంప్స్ అంటే 720 వాట్లు. ఈ తరగతి మెషీన్ బాగుంటే, తాను లాగిన పవర్‌కు రెండున్నర నుంచి మూడు రెట్ల వేడిని బయటికి తోస్తుంది. అంటే 1,800 నుంచి 2,160 వాట్లు, బీటీయూల్లో సుమారు 6,100 నుంచి 7,400. అదే 30 యాంప్స్ రాసి పక్కన 12,000 బీటీయూ అని అచ్చేస్తే దాదాపు ఐదు రెట్లు తోస్తున్నట్టు లెక్క. నడి ఎండలో క్యాబిన్ కప్పు మీద అది జరిగే పని కాదు. యాంప్స్ అయినా అబద్ధమై ఉండాలి, బీటీయూ అయినా అబద్ధమై ఉండాలి. షాపులో నడుస్తున్న పీసు ఉంటే డీసీ కొలిచే క్లాంప్ మీటర్ పాజిటివ్ వైరుకు తగిలించి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. లోపలికి పీల్చే గాలికీ బయటికి వచ్చే గాలికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మెషీన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

6,500 బీటీయూ పెద్ద క్యాబిన్ మొత్తానికి చాలదు. సీట్లకూ బెర్త్‌కూ మధ్య మందపాటి కర్టెన్ కట్టి బెర్త్ వైపు మాత్రమే చల్లబరచుకుంటే నిక్షేపంగా చాలుతుంది.

ఇప్పుడు బ్యాటరీ లెక్క. 180 ఏహెచ్ (యాంపియర్ అవర్, అంటే బ్యాటరీ నిల్వ కొలత) బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉంటే 24 వోల్టులు వస్తాయి, ఏహెచ్ మాత్రం 180యే. 360 అని అమ్మేవాడు చెప్పినా నమ్మకండి. ఆ 180 కూడా 20 గంటల పాటు నెమ్మదిగా, 9 యాంప్స్ చొప్పున తీస్తే వచ్చేది. 30 యాంప్స్ లాగితే 150 దాకా వస్తే గొప్ప. అందులోనూ సెల్ఫ్ కోసం సగం మిగల్చాలి. చేతికి మిగిలేది 75 నుంచి 80. మధ్యాహ్నం ఎండలో ఏసీ సగటున 28 యాంప్స్ లాగితే రెండున్నర గంటలు దాటి కొద్దిసేపు. రాత్రి బయట చల్లబడ్డాక కంప్రెసర్ నెమ్మదించి 15 యాంప్స్‌కు దిగితే ఐదు గంటలు. ఇదీ కొత్త బ్యాటరీల సంగతి. రెండేళ్లు వాడినవాటికి ఇందులో మూడో వంతు కోసేసుకోవడం మంచిది.

సెల్ఫ్ కొట్టడానికి చేసిన బ్యాటరీల్లో ప్లేట్లు పల్చగా ఉంటాయి. క్షణాల పాటు వందల యాంప్స్ ఇవ్వడం వాటి పని. రోజూ సగం దాకా పిండితే ఆ ప్లేట్ల మీది పేస్టు రాలిపోతుంది, సీజన్ తిరగకముందే బ్యాటరీ డౌన్. లెడ్ యాసిడే వాడాలనుకుంటే డీప్ సైకిల్ రకం (లోతుగా ఖాళీ చేసినా తట్టుకునేవి) జత వేరుగా పెట్టి, సెల్ఫ్ బ్యాటరీల నుంచి విడదీసే రిలే (దానంతటదే పనిచేసే స్విచ్) వేయించుకోవాలి. ఇంకో పాత జాడ్యం కూడా ఉంది: పాటల డెక్కుకో, మొబైల్ చార్జర్‌కో రెండింటిలో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే 12 వోల్టులు లాక్కోవడం. ఆ బ్యాటరీ ఎప్పుడూ సగం ఖాళీగానే ఉంటుంది. ఏసీ లోడు పడగానే అది ముందు చతికిలబడి రెండోదాన్నీ ముంచుతుంది. బండి రాత్రంతా నిలబడ్డాక రెండిటి వోల్టేజీ విడివిడిగా కొలవండి. తేడా 0.2 వోల్టు దాటితే ముందు ఆ సంగతి చూసుకుని తర్వాత ఏసీ మాట ఎత్తాలి.

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది కేబుల్ దగ్గర. ఫిర్యాదుదారుకు అది కేబుల్ తప్పని తెలియదు, ఏసీ చెడిందనుకుంటాడు. బ్యాటరీ పెట్టె నుంచి కప్పు మీదికి క్యాబిన్ వెనకగా తిరిగి వెళ్లేసరికి 6 మీటర్లు, రానూపోనూ 12 మీటర్లు. ఏసీతో పాటు వచ్చే వైరు చాలాసార్లు 6 స్క్వేర్ ఎంఎం. దాని మీద 40 యాంప్స్ లాగితే దారిలోనే 1.4 వోల్టు పడిపోతుంది. 10 స్క్వేర్ అయితే 0.84, 16 స్క్వేర్ అయితే 0.53, 25 స్క్వేర్ అయితే 0.34.

ఆ 1.4 వోల్టు చేసే అల్లరి చూడండి. ఏసీ బోర్డు వోల్టేజీని తన దగ్గర కొలుచుకుంటుంది, బ్యాటరీ దగ్గర కాదు. లో వోల్టేజీ కట్ (వోల్టేజీ ఇంతకు తగ్గితే ఏసీ తనే ఆగిపోవాలనే సెట్టింగ్) 23 దగ్గర పెట్టారనుకుందాం. బ్యాటరీలో ఇంకా 24.3 ఉండగానే బోర్డుకు 22.9 కనిపించి మెషీన్ ఆగిపోతుంది. లోడు తీసేయగానే వోల్టేజీ లేస్తుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది, మళ్లీ ఆగుతుంది. విసిగిపోయి మెకానిక్ ఆ కట్‌ను 21.5కు దించుతాడు. అప్పటికి బాగానే ఉంటుంది. రాత్రి కంప్రెసర్ నెమ్మదించి 12 యాంప్స్‌కు దిగాక వైరులో పడే వోల్టేజీ అర వోల్టు కూడా ఉండదు. కాబట్టి ఇప్పుడు బోర్డు 21.5 చూసి ఆపేసరికి బ్యాటరీ నిజంగానే 22 దగ్గరికి వచ్చేసి ఉంటుంది. తెల్లవారుజామున డాక్ ఖాళీ అయి పిలుపు వస్తే సెల్ఫ్ టక్ టక్ మంటుంది తప్ప తిరగదు. వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటాయి. జంపర్ కేబుల్ వెతుక్కోవాలి, పోయిన వరస మళ్లీ రాదు. డీజిల్ ఆదా కోసం పెట్టిన మెషీన్ ట్రిప్పునే తినేస్తుంది.

అందుకే 16 స్క్వేర్‌కు తగ్గని రాగి కేబుల్ వేయించండి, దూరం ఎక్కువైతే 25. అల్యూమినియం మీద రాగి పూత వేసిన కేబుల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, కాబట్టి చివర గీకి చూడండి: లోపల తెల్లగా మెరిస్తే వద్దు. 40 యాంప్స్ లాగే మెషీన్‌కు 60 యాంప్స్ ఫ్యూజు పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యూజు క్యాబిన్‌లో పెడితే మధ్యలో వైరు చాసిస్‌కు రాసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడదు. లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కొనలు) సుత్తితో కొట్టి కాదు, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కించండి. అరగంట ఫుల్లుగా నడిపి లగ్గు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండొచ్చు, చురుక్కుమంటే జాయింటు వదులు. ఇగ్నిషన్ నుంచి లైను ఇచ్చారంటే తాళం గేటులో అప్పగించిన మరుక్షణం ఏసీ కూడా పోతుంది. నేరుగా బ్యాటరీ నుంచే లాగాలి. ఇవన్నీ అయ్యాక, లెడ్ యాసిడ్‌కు కట్ 23 దగ్గరే ఉంచండి. అమ్మినవాడు ఎంత చెప్పినా తగ్గించొద్దు.

వాడిన చార్జి తిరిగి ఎక్కడం ఇంకో కథ. 80 యాంప్స్ డైనమోలో 25 దాకా బండి లైట్లకూ మిగతా వాటికీ పోతుంది. మిగిలినదంతా లెడ్ యాసిడ్ మింగదు. నిండేకొద్దీ తీసుకునేది తగ్గిపోతుంది. 80 ఏహెచ్ తిరిగి ఎక్కాలంటే నాలుగు గంటల ఏకధాటి ప్రయాణం కావాలి. పొద్దున లోడింగ్ దగ్గర మూడు గంటలు వాడి, 60 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో పాకి, మధ్యాహ్నం అన్‌లోడింగ్ గేటులో మళ్లీ ఏసీ వేస్తే గంటకే ఆగిపోతుంది. మెషీన్‌ను తిట్టి లాభం లేదు.

రోజుకు రెండుసార్లు వెయిటింగ్ ఉన్న రూటు అయితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ వైపు వెళ్లడమే మేలు. 25.6 వోల్టుల 200 ఏహెచ్ ప్యాక్‌లో 180 దాకా వాడుకోవచ్చు. 25 యాంప్స్ సగటున ఏడు గంటలు వస్తుంది, సెల్ఫ్ బ్యాటరీ జోలికే పోదు. ఒక్క షరతు: డైనమోకు నేరుగా కలపకూడదు. లిథియం దాహం గట్టిది, ఇచ్చినంతా లాగి డైనమో వైండింగ్ కాల్చేస్తుంది. నిండిపోయిందని దాని లోపలి రక్షణ బోర్డు ఒక్కసారిగా తెగ్గొడితే, ఆ క్షణంలో లేచే వోల్టేజీ బండి ఎలక్ట్రానిక్స్ మీద పడుతుంది. మధ్యలో 40 యాంప్స్ డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి. ఖాళీ అయిన ప్యాక్ నిండడానికి నాలుగున్నర గంటలు. సున్నా డిగ్రీల కన్నా చలిగా ఉన్నప్పుడు చార్జింగ్ ఎక్కదు, ఎక్కించకూడదు కూడా.

రూఫ్ మీద పెట్టే రకమా, క్యాబిన్ వెనక గోడకు బిగించే స్ప్లిట్టా? లీకుల సంగతి తెలిసినవాళ్లం రూఫ్ రకానికే ఓటేస్తాం. గ్యాస్ ఫ్యాక్టరీలోనే నింపి మూసేస్తారు, దారిలో వదులయ్యే జాయింట్లు ఉండవు. స్ప్లిట్‌లో రాగి పైపు ఫ్లేర్ జాయింట్లు గతుకుల్లో వైబ్రేషన్‌కు నెర్రెలిస్తాయి. తీసుకోక తప్పకపోతే క్రింప్ చేసిన రబ్బరు హోసు ఉన్నదే తీసుకోండి. రూఫ్ రకంతో వచ్చే తలనొప్పి ఎత్తు. 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరుగుతుంది, విండ్ డిఫ్లెక్టర్‌కు తగలొచ్చు. కొత్త ఎత్తు కొలిచి స్టీరింగ్ దగ్గర అతికించకపోతే ఏదో ఒక తక్కువ ఎత్తు బ్రిడ్జి కొలిచి చెబుతుంది. 30 కిలోల బరువు పల్చటి రేకు మీద కాకుండా కింద ఫ్రేము మీద పడాలి. కింద వేసిన సీలు నొక్కుకుంటుంది కాబట్టి వారం తిరిగాక నాలుగు బోల్టులూ సమానంగా మళ్లీ బిగించాలి. క్యాబిన్ ఎత్తినప్పుడు లాగకుండా కేబుల్ కాస్త వదులుగా ఉండాలి.

నీళ్లు కారడం మీద కూడా చాలా గొడవలున్నాయి. కొన్ని డాక్‌ల ముందు నేల డాక్ వైపు వాలుగా ఉంటుంది. రివర్స్‌లో పెట్టినప్పుడు లారీ ముక్కు పైకి లేస్తుంది, ట్రేలో నీరు వెనక్కి పారి బెర్త్ మీద చుక్కలు పడతాయి. డ్రెయిన్ రంధ్రం ముందువైపు ఒక్కటే ఉన్న మోడల్ అయితే ఇది తప్పదు. ముందూ వెనకా రెండు రంధ్రాలున్నది అడిగి కొనండి.

వాడకంలో డబ్బు ఖర్చు లేని చిట్కా ఒకటుంది. గేటు చేరడానికి ఇరవై నిమిషాల ముందు నుంచే కంపెనీ ఏసీ ఫుల్లుగా పెట్టి క్యాబిన్‌ను, పరుపును చల్లబరచి, ఆ తర్వాత ఇంజన్ ఆపండి. లేకపోతే బ్యాటరీలో మొదటి 20 ఏహెచ్ కాగిన రేకును చల్లార్చడానికే పోతుంది. అద్దానికి షేడ్ లోపలి నుంచి కంటే బయటి నుంచి వేస్తే ఎక్కువ ఫలితం. 18లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 26లో పెడితే కంప్రెసర్ నెమ్మదిస్తుంది. సిమెంటు, ధాన్యం యార్డుల్లో తిరిగే బండి అయితే ఏసీ కండెన్సర్‌కు (వేడిని బయటికి వదిలే రెక్కల భాగం) వారానికోసారి మామూలు నీళ్ల పైపు పట్టాలి. ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగి గాలి ఆడదు, వేడి పెరిగి యాంప్స్ పెరుగుతాయి.

పొడి వాతావరణంలో తిరిగేవాళ్లకు ఇంత ఖర్చు అక్కర్లేదనే చెబుతాం. నీళ్ల కూలర్ రకం 5 యాంప్స్‌లోపే లాగుతుంది, ఉన్న బ్యాటరీల మీదే రాత్రంతా నడుస్తుంది. సముద్రతీరం రూట్లలో మాత్రం అది ఒళ్లు జిడ్డు చేయడం తప్ప ఇంకేం చేయదు.

పెట్రోలు, గ్యాస్, కెమికల్ ట్యాంకర్లకైతే ఇది బజారులో బిగించుకునే వస్తువు కాదు. అలాంటి బండ్లలో బ్యాటరీ మాస్టర్ స్విచ్ దాటి నేరుగా లైను లాగడం నిబంధనలకే విరుద్ధం కావచ్చు. లోడింగ్ చోట ఎలాగూ నడపనివ్వరు. ముందుగా బండి కంపెనీ నుంచీ, లోడింగ్ డిపో నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.