వర్డ్ ప్రాబ్లమ్స్ క్లాస్‌కి పాపని పంపిస్తున్నాం, ఎలా ఉందంటే

పిల్లలకి వర్డ్ ప్రాబ్లమ్స్ మీదే స్పెషల్‌గా క్లాస్ చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మా నిజాంపేట వైపు పేరెంట్స్ తెగ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. సెంటర్ పేరు పెట్టట్లేదు, ఎందుకంటే మెచ్చుకునేవి ఎన్ని ఉన్నాయో తిట్టుకునేవీ అన్ని ఉన్నాయి, అనవసరంగా గొడవెందుకు.

మా పాప నాలుగో క్లాస్. ఎక్కాలు గడగడా అప్పజెప్తుంది, కూడికలు తీసివేతలు ఎన్ని అంకెలవి ఇచ్చినా చేసేస్తుంది, అదే లెక్క మూడు లైన్ల కథలా వస్తే మాత్రం పెన్సిల్ పక్కన పెట్టేసి "ప్లస్సా మైనస్సా చెప్పు నాన్నా" అంటుంది. మీ ఇంట్లో కూడా ఇదే డైలాగ్ అయితే మిగతాది చదవండి, అసలు కూడికే రాని పిల్లలకైతే ఈ క్లాస్ వేస్ట్, ముందు అది చూసుకోండి.

ఇంతకుముందు చూసిన ట్యూషన్లన్నిట్లో ఒకటే మంత్రం, గోడకి చార్ట్ కూడా అంటించి ఉంటుంది. టోటల్ అంటే ప్లస్, లెఫ్ట్ అంటే మైనస్, మోర్ అంటే ప్లస్, ఈచ్ అంటే డివైడ్. సగం లెక్కలకి పనిచేస్తుంది, అదే డేంజర్. "రవి దగ్గర 48 స్టిక్కర్లు ఉన్నాయి, లత దగ్గర ఉన్నవాటికంటే ఇవి 15 ఎక్కువ, లత దగ్గర ఎన్ని?" అని ఇవ్వండి, ఎక్కువ అన్న మాట కనపడగానే పాప కళ్ళు మూసుకుని 63 రాసేసింది. రవి కంటే లతకే ఎక్కువ ఎలా వచ్చాయి అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు పాపం.

ఇక్కడ మేడం ఆ చార్ట్ జోలికే పోరు. మొదటి వారం ఇచ్చిన షీట్స్‌లో అసలు నంబర్లే లేవు! బస్సులో కొంతమంది ఉన్నారు, కూకట్‌పల్లిలో ఇంకొంతమంది ఎక్కారు, అమీర్‌పేటలో కొంతమంది దిగిపోయారు, ఇప్పుడు ఏమేం అడగొచ్చో మీరే చెప్పండి అంటారు. పిల్లలు కథని సొంత మాటల్లో చెప్పాలి, తెలుగైనా పర్లేదు హిందీ అయినా పర్లేదు. అది అయ్యాకే నంబర్లు. డబ్బులు కట్టి అంకెలు లేని లెక్కలేంటి అని మా ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వారు గానీ పాప చదవకుండా ప్లస్ పెట్టడం మానేసింది అక్కడే.

తర్వాత పట్టీలు గీయడం, బార్ మోడల్ అంటారు. సింగపూర్‌లో 1980ల్లో స్కూళ్ళలోకి తెచ్చిన పద్ధతి ఇది, 1995లో దేశాల మధ్య జరిగిన టిమ్స్ పరీక్షలో మ్యాథ్స్‌లో సింగపూర్ ఫస్ట్ వచ్చాక బయట దేశాలకీ పాకింది. ఇందాకటి స్టిక్కర్ల లెక్కే తీసుకోండి, రవికి పొడుగు పట్టీ గీసి 48 రాయాలి, దాని కింద లతకి పొట్టి పట్టీ, తేడా ఉన్న ముక్క మీద 15. ఇక ప్లస్సా మైనస్సా అని ఎవర్నీ అడగక్కర్లేదు, 33 అని బొమ్మలోనే కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మామిడిపండ్లు, జామకాయలు కలిపి 60, జామకాయలకి మూడు రెట్లు మామిడిపండ్లు, ఎన్నెన్ని? మనమైతే వెంటనే ఎక్స్, త్రీ ఎక్స్ అని మొదలెడతాం, నాలుగో క్లాస్ పిల్లకి ఎక్స్ ఏం తెలుస్తుంది. పాప జామకి ఒక డబ్బా, మామిడికి మూడు డబ్బాలు గీసి, మొత్తం నాలుగు డబ్బాలకి 60 అయితే ఒక్కోటి 15, మామిడి 45 అనేసింది. ఆ రోజు నేనే నోరెళ్ళబెట్టా.

ఆన్సర్ వచ్చాక కూడా వదలరు. 130 మంది పిక్నిక్‌కి వెళ్ళాలి, ఒక్కో బస్సులో 40 మంది పడతారు అన్న లెక్కకి ఒక బాబు 3 బస్సులు, రిమైండర్ 10 అని రాస్తే "ఆ పదిమంది నడిచొస్తారా నాన్నా?" అన్నారు, క్లాసంతా నవ్వులు. అప్పుడప్పుడూ ఆన్సరే లేని లెక్క కూడా ఇస్తారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? ఫ్రాన్స్‌లో 1980 ప్రాంతంలో 97 మంది పిల్లలకి ఇస్తే 76 మంది ఉన్న నంబర్లతోనే ఏదో చేసి వయసు చెప్పేశారట. మా ఇంట్లో ట్రై చేశా, ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడు కూడా ఒక సెకను ఆగాడు 😄

ఇక తిట్లు. జాయిన్ అయ్యేటప్పుడు బ్యాచ్‌కి ఆరుగురే అన్నారు, ఇప్పుడు చూస్తే డజను మంది, వెనక కూర్చున్న పిల్లల నోట్స్ మేడం చూసే టైమే ఉండట్లేదు. ఫీజు నెలకి 1800, కానీ మూడు నెలలది ముందే కట్టాలి, మిస్సయిన క్లాస్‌కి బదులు క్లాస్ లేదు. కిట్ అని ఇంకో 900 తీసుకున్నారు, అందులో ఉన్నవి కలర్ పేపర్ పట్టీలు, చిన్న వైట్ బోర్డు, మార్కర్, అంతే, స్టేషనరీ షాపులో రెండొందలకి వచ్చేస్తాయి. పక్క రూమ్‌లో అబాకస్ క్లాస్ గోల సరేసరి. హోంవర్క్ వాట్సాప్‌లో ఫొటో తీసి పెడతారు, సగం సార్లు నీడ పడి అంకెలు కనపడవు.

ఇంకోటి తెలుసుకుని వెళ్ళండి, స్కూల్ మార్కులు వెంటనే పెరగవు. మా స్కూల్లో స్టేట్‌మెంట్ రాయకపోతే అర మార్కు కట్, బొమ్మ గీసినందుకు ఏమీ రాదు. అందుకే రఫ్ వర్క్‌లో పట్టీ గీసుకుని, ఫెయిర్‌లో వాళ్ళు అడిగినట్టు రాయమని పాపకి చెప్పాం, నడిచిపోతోంది.

ఫీజు ఎక్కువనిపిస్తే ఇంట్లోనే మొదలెట్టొచ్చు. మ్యాథ్ ప్లేగ్రౌండ్ వెబ్‌సైట్‌లో థింకింగ్ బ్లాక్స్ అని ఫ్రీగా ఉంది, బ్లాకులు లాగి పట్టీ కట్టి, తెలియని చోట క్వశ్చన్ మార్క్ పెట్టాకే లెక్క చేయాలి, కూడికల నుంచి భిన్నాలు, నిష్పత్తుల దాకా ఉన్నాయి. ప్రాబ్లమ్స్ ఇంగ్లీష్‌లో ఉంటాయి కాబట్టి పక్కన కూర్చుని చదివించాలి. మీకు రోజూ అరగంట కుదిరితే ఈ క్లాస్ అక్కర్లేదని నా ఫీలింగ్. మాకు ఇద్దరికీ ఆఫీసు, కుదరదు, అందుకే మళ్ళీ మూడు నెలలకి కట్టాం, కాకపోతే ఈసారి జనం తక్కువుండే ఆదివారం పొద్దున బ్యాచ్‌కి మార్పించాం. అడిగితే మారుస్తారు, వాళ్ళంతట వాళ్ళు మాత్రం చెప్పరు.