లాలిబెలానా, అక్సుమా? సెలవు ఒక్కటే ఉంటే ఏది మేలు?

ఇథియోపియా యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లిన మనవాళ్లు ఫోన్ చేస్తే, ఇంజెరా (అక్కడి పుల్లట్టు) కబుర్లన్నీ అయ్యాక తప్పకుండా అడిగేది ఇదే: "సార్, సెమిస్టర్ల మధ్య నాలుగు రోజులే దొరుకుతాయి. లాలిబెలా వెళ్లమంటారా, అక్సుమా?" రెండూ ఉత్తర ఇథియోపియాలోని పాత ఊళ్లే. అక్కడ సివిల్ ఇంజినీరింగ్ చెప్పిన రోజుల్లో నేను రెండూ చూశాను. ఉత్తరాన 2020లో యుద్ధం మొదలవక ముందు మాట అది. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఆ వైపు సహోద్యోగుల్ని దారి సంగతి అడిగాకే టికెట్ తీసుకోండి.

గోండర్ కోటలు బాగుంటాయి, దారిలో తగిలితే ఒక పూట చాలు. దగ్గర్లోని యెహా పాత గుడిని అక్సుమ్ దాకా వెళ్లినవాళ్లు ఎలాగూ చూస్తారు. అసలు తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే.

లాలిబెలాలో పదకొండు చర్చిలు, అన్నీ కొండను తొలిచినవే. ఎల్లోరా కైలాసం చూసినవాళ్లకి పద్ధతి తెలిసిందే, పైనుంచి కిందికి చెక్కుకుంటూ దిగడం. బేత్ గియోర్గిస్ దగ్గర సిలువ ఆకారపు కప్పు మన కాళ్లముందు నేలమట్టంగా కనిపిస్తుంది, గుడంతా కింద గోతిలో ఉంటుంది. కందకంలోంచి నడిచి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. తెల్లవారుజామునే వెళ్లండి. తెల్లటి నెతెలా కప్పుకున్న ఆడవాళ్లు ఎర్రరాతి గోడకి నుదురు ఆనించి ప్రార్థిస్తుంటారు. ఎనిమిది వందల ఏళ్లుగా పూజలు జరుగుతున్న చోటు, దాన్ని శిథిలం అనడానికి నాకు నోరు రాదు. జనవరి 7న గెన్నా పండక్కి (వాళ్ల క్రిస్మస్) మాత్రం ఇసక వేస్తే రాలనంత జనం. పెద్దవాళ్లని తీసుకెళ్తే ఇంకో మాట: ఊరు రెండున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది, ఎక్కడం దిగడం ఎక్కువ, ఆయాసం వస్తుంది.

అక్సుమ్ మొదటి చూపుకి ఆకట్టుకోదు. ఊరి పక్కన ఒక మైదానం, అందులో రాతి స్తంభాలు. ఫోటోలు తీసుకుని గంటలో బయటపడ్డవాళ్లు నాకు తెలుసు. అయినా నా ఓటు అక్సుమ్‌కే. దానికి కారణం అక్కడ పడి ఉన్న పెద్ద స్తంభం.

33 మీటర్ల పొడవు, సుమారు 520 టన్నుల బరువు, ఏకశిల. నాలుగు కిలోమీటర్ల అవతలి గోబెద్ర కొండ వైపునుంచి లాక్కొచ్చారు. నిలబెట్టేటప్పుడే కూలిందని చాలామంది పండితుల అభిప్రాయం. అంత ఎత్తుకి భూమిలో దిగాల్సిన మొదలు ఎంత చిన్నదో చూస్తే సివిల్ చదివిన ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పడ్డచోటే ముక్కలై ఉంది కాబట్టి దగ్గరికి వెళ్లి చూడొచ్చు: అంతస్తు తర్వాత అంతస్తు, కిటికీల చట్రాలు, కొయ్యదూలాల కొసల్లా గుండ్రంగా పొడుచుకొచ్చిన రాతి మొనలు. నిలిచి ఉంటే కిందివాళ్లకి సరిగా ఆనని పై అంతస్తు కిటికీనీ అంతే శ్రద్ధగా చెక్కారు. నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

దానికి దగ్గర్లోనే 24 మీటర్ల స్తంభం ఉంది. ఇటలీవాళ్లు 1937లో రోముకి పట్టుకుపోయారు, 2005లో మూడు ముక్కలుగా విమానంలో తిరిగొచ్చింది, 2008లో మళ్లీ నిలబెట్టారు. పదిహేడు వందల ఏళ్ల కిందట చేతులతో, తాళ్లతో చేసిన పనికి ఈ కాలంలో ఎంత సరంజామా కావాల్సి వచ్చిందో!

లాలిబెలాలో పునాది బెంగే లేదు, కిందంతా తల్లిరాయే. అక్కడ శత్రువు వాననీరు. కొన్ని గుళ్లమీద ఇప్పుడు పెద్ద కప్పులు కట్టింది అందుకే. అదీ మంచి పాఠమే, కాకపోతే చూసినంతసేపూ అబ్బురంలోనే ఉండిపోతాం. అక్సుమ్‌లో ప్రశ్నలు వెంటపడతాయి.

మన తీరానికీ దానికీ ఒక చుట్టరికం కూడా ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం పెరిప్లస్‌లో ఏనుగు దంతాలు చేరే అక్సుమ్ పేరుంది, సన్నబట్టలు నేసే మసాలియా పేరూ ఉంది. మసాలియా అంటే మన కృష్ణా తీరం.

అక్కడ గంటలు తెల్లవారినప్పటినుంచి లెక్కపెడతారు, కాబట్టి ఎటు వెళ్లినా పొద్దున గైడ్ "ఒంటిగంట" అంటే మన ఉదయం ఏడని గుర్తుపెట్టుకోండి. అక్సుమ్‌లో రెండు రాత్రులైనా ఉండండి.

తిరిగొచ్చిన వారం క్లాసులో బోర్డుమీద ఆ స్తంభం గీసి, ఎంత లోతు పాతితే నిలిచేదో లెక్క కట్టమన్నాను. అక్సుమ్ వైపునుంచి వచ్చిన కుర్రాడు కాగితం ముట్టుకోకుండా అడిగాడు: "సార్, మట్టి ఎలాంటిదని తీసుకోమంటారు?"