కుంటలో పచ్చ నాచు: మైలుతుత్తమా, ఏరేటరా?

ఎండాకాలం అనంతపురం వైపు చేపల కుంటలో పచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కట్టిందంటే చాలావరకు నీలి ఆకుపచ్చ నాచే.

ఖర్చు: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, నాచును చంపే మందు) చౌక. ఏరేటరుకు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రానికి, మోటారు, పైన కరెంటు బిల్లు.

శ్రమ: మందు ఒక పూట పని. ఏరేటరు రాత్రంతా తిరగాలి. తెల్లవారుజామునే ఆక్సిజన్ బాగా పడిపోతుంది.

రిస్కు: అసలు చిక్కు ఇక్కడే. మందుకు నాచు ఒక్కసారిగా చస్తే కణాలు పగిలి లోపలి విషం నీళ్లలో కలుస్తుంది. కుళ్లే నాచు ఆక్సిజన్ లాగేస్తుంది, చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. గొర్రెలను అటు తోలొద్దు. కాచినా ఆ విషం పోదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో మందు సరిగా పట్టదు కూడా. ఏరేటరు నాచును చంపదు, చేపలను కాపాడుతుంది.

చేపలుంటే ఏరేటరే. చేపలు లేక, పశువులు తాగని కుంటలో, నాచు పలచగా ఉన్నప్పుడైతే మందు చాలు.